లింబాద్రి పేరున్న బల్ల

దుబాయ్‌లో చచ్చిపోయిన లింబాద్రి పెట్టె మూత తోసుకుని లేచి కూర్చున్నాడనీ, కూర్చున్న వెంటనే అన్నం అడిగాడనీ భీమ్‌గల్ పక్కన వాళ్ళ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పేవాళ్ళను బట్టి కథ కొంచెం మారుతుంది. హోటలు దగ్గర చెప్పే మగవాళ్ళు విమానం ఎక్కించేటప్పుడు లేచాడంటారు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు అంత దూరం పోరు, మూతకు మేకులు కొడుతుంటే లోపలినుంచి తట్టాడంటారు. లింబాద్రి ఉన్నది దుబాయ్ కాదు, ఖతర్. అయితే ఆ ఊరికి సముద్రం అవతల ఉన్నదంతా దుబాయే. పెట్టె మాత్రం నిజం. దాని మీద అతని పేరు ఉన్నమాటా నిజం. దాని ఫోటోను ఊళ్ళో సగం మంది కళ్ళారా చూశారు.

ఆ పెట్టె సంగతి చెప్పాలంటే ముందు అతని చేతుల సంగతి చెప్పాలి.

లింబాద్రిది షట్టరింగ్ పని. కాంక్రీటు పోసే ముందు దాన్ని పట్టి ఉంచడానికి చెక్కతో అచ్చు కట్టాలి. గోడకైతే గోడంత, స్తంభానికైతే స్తంభమంత. కాంక్రీటు గట్టిపడగానే ఆ చెక్కలన్నీ విప్పి పక్కన పడేయాలి. అందుకని మేకు పూర్తిగా దిగగొట్టరు, పీకడానికి వీలుగా తల పైకి ఉంచుతారు. చెక్క నున్నటి ముఖం ఎప్పుడూ లోపలికే ఉంచుతారు, కాంక్రీటుకు తగిలేది అదే కాబట్టి. గరుకు ముఖం లోకానికి. ఖతర్ వచ్చిన ఏడేళ్ళలో లింబాద్రి కొన్ని వేల పెట్టెలు కట్టి, కట్టినవన్నీ తన చేత్తోనే విప్పేశాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం ఎడారిలో లేస్తున్న స్టేడియం మెట్ల కింద అతని పని ఎంత ఉందో లెక్కలేదు. కానీ వేలు పెట్టి ఇది నాది అని చూపించడానికి ఏమీ లేదు.

అతని గ్యాంగులో ఇంకో అలవాటు ఉండేది. ఎవరు కట్టిన చెక్కల మీద వాళ్ళు ఎర్ర మార్కరుతో పేరు రాయాలి. ఎక్కడైనా అచ్చు పగిలి కాంక్రీటు కారితే ఎవరిదో తెలియాలని ఫోర్‌మన్ బుర్హానుద్దీన్ పెట్టిన నియమం. నేపాలీలు నేపాలీలో రాసేవాళ్ళు, బెంగాలీలు బెంగాలీలో, లింబాద్రి తెలుగులో. ఒక్క అక్షరం చదవలేకపోయినా బుర్హానుద్దీన్ ఆకారం చూసి మనిషిని చెప్పేసేవాడు.

ఊళ్ళో లింబాద్రి భార్య విజయరాణి బీడీలు చుడుతుంది. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఏడో తరగతిలో బడి మానేసిందిగానీ, ఒకసారి చూసింది మరిచిపోదు. ఏడేళ్ళలో ఆమె భర్తను అడిగింది తక్కువ. అందులో ఒకటి మాత్రం సెలవుకు వచ్చినప్పుడల్లా అడిగేది. అక్కడ ఏం కట్టినవ్, ఒక్క ఫోటో అన్న పెట్టవు అని. సైటులో ఫోటో తీయనివ్వరు. తీయనిచ్చినా ఏం చూపించాలి? విప్పి పడేసిన చెక్కల కుప్పనా? లింబాద్రి నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వు ఆమెకు నచ్చదని అతనికి తెలుసు.

రామకృష్ణారావు అదే కంపెనీలో ఇంజనీరు. రాజమండ్రి మనిషి. దోహాలో ఓల్డ్ ఎయిర్‌పోర్టు అనే పేటలో ఒక పెద్ద విల్లాను నాలుగు ముక్కలు చేసి అద్దెకిస్తే, అందులో ఒక ముక్కలో ఆయనా భార్య వసుంధరా ఉండేవాళ్ళు. హాలు చిన్నది. సోఫా, టీవీ, ఫ్రిజ్ అన్నీ అందులోనే. ప్రతి శుక్రవారం పై వాటాలో ఉండే దంపతులు దిగి వచ్చేవాళ్ళు. నలుగురూ కింద కూర్చుని అట్టల మీద ఆటలు ఆడేవాళ్ళు. కొన్ని ఆటలు ఒక పూటలో తేలవు, వారాలు పడతాయి. భోజనాల వేళకు అట్ట ఎత్తేయాలి, ఎత్తేస్తే పావులు చెదిరిపోతాయి. మళ్ళీ వారం ఎవరి పావు ఎక్కడుందో అని పోట్లాట. రావుగారికి మోకాళ్ళ నొప్పి వేరే. అందుకని వసుంధర ఒక బల్ల ఊహించుకుంది. పెట్టెలాగా లోతుగా ఉండాలి. ఆట లోపల, పైన మూత. మూత తీస్తే ఆట, మూత వేస్తే అన్నం. ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉండాలి. అలాంటిది దుకాణాల్లో దొరికినా వాళ్ళ హాలులో పట్టదు. ఫ్రిజ్ తలుపు తెరుచుకోవాలంటే బల్ల ఇక్కడితో ఆగాలి అని ఆమె నేల మీద సుద్దతో గీత గీసింది.

రావుగారు లింబాద్రిని అడిగాడు. కుర్చీ బల్లలు చేసే వడ్రంగం వేరు, తన పని వేరు అని లింబాద్రి చెప్పవలసింది. చెప్పలేదు. విప్పనక్కరలేని పెట్టె అన్న మాట అతని చెవిలో పడింది, అంతే, ఒప్పుకున్నాడు.

మొదటి శుక్రవారం ఊరి బయట ఉమ్ సలాల్ అవతలున్న కార్మికుల క్యాంపునుంచి బస్సులు మారి వచ్చి, విల్లా వెనక సందులో కోత పెట్టి, సాయంత్రానికి పెట్టె నిలబెట్టాడు. వసుంధర వచ్చి చుట్టూ తిరిగి చూసింది. చెయ్యి వేసి నిమిరింది.

"అందమంతా లోపల పెట్టేశావేంటి బాబూ?" అంది.

లింబాద్రి చూశాడు. నున్నటి ముఖమంతా లోపలికి, గరుకు బయటికి. మేకుల తలలన్నీ పీకడానికి సిద్ధంగా పైకి. పొద్దుటినుంచీ తన కళ్ళ ముందే జరిగింది, తన చేతులతోనే జరిగింది. అయినా తను చూడలేదు. ఎవరో మంత్రం వేసి చేయించినట్టు అక్కడే నిలబడిపోయాడు. రావుగారు నవ్వబోయి అతని ముఖం చూసి మానేశాడు. లింబాద్రి సుత్తి తిప్పి మేకులన్నీ పీకాడు. తను కట్టిన పెట్టెల్లో విప్పకుండా ఉండాల్సిన మొదటిది కూడా విప్పాల్సి వచ్చింది.

రెండో శుక్రవారం అలా కాలేదు. ప్రతి చెక్కనూ రెండుసార్లు తిప్పి చూసుకుని, మేకులకు బదులు స్క్రూలు పెట్టి బిగించాడు. మూత చేశాడు. ఆకుపచ్చ బట్ట వేసే ముందు అడుగున తెల్లటి ఫోమ్ పరిచాడు. దుమ్ము పడకుండా వసుంధర ఇచ్చిన తెల్ల దుప్పటి దాని మీద కప్పాడు. పెట్టెను హాలులోకి చేర్చి, మూతను సగం తెరిచి వెనక్కి నిలబడి చూశాడు.

బాగుంది. ఏడేళ్ళలో మొదటిసారి తను చేసింది తనకు కనబడింది.

ఫోను తీసి ఒక మూల దగ్గర వంగి ఫోటో తీశాడు. దగ్గరనుంచి తీస్తే ఏదైనా పొడుగ్గానే కనిపిస్తుంది. విజయరాణికి పంపాడు. రాయడం రాదని కాదు, ఫోనులో అక్షరాలు వెతుక్కోవడం అతనికి విసుగు. గొంతుతోనే చెప్పాడు. "చూసినవా, గిది నా చేతిది." ఆ మాట పోతూ పోతూ తెర మీద గుండ్రంగా తిరుగుతుండగా ఫోను ఆరిపోయింది. ఛార్జింగు అయిపోయింది. ఒకరి ఇంట్లో ప్లగ్గు అడగడానికి మొహమాటపడి ఫోను సంచిలో వేశాడు. పొద్దుటినుంచీ అతని డ్రిల్లు తిరుగుతున్నది వాళ్ళ కరెంటుతోనే. అది మాత్రం అతనికి తోచలేదు.

అతనికి తోచనిది ఇంకొకటి కూడా ఉంది. చెక్కలు బిగించడం అయ్యాక చెయ్యి తనంతట తానే జేబులోకి పోయి ఎర్ర మార్కరు తీసి, పెట్టె పక్కన జానెడు అక్షరాలతో లింబాద్రి అని రాసింది. కింద అతని గ్యాంగు నంబరు కూడా వేసింది.

అంతకు ముందు ఏడాది లింబాద్రి ఊరివాడే రత్నాకర్ క్యాంపులో నిద్రలోనే పోయాడు. గుండె ఆగిందన్నారు. ఆ కబురు ఊరికి ఎలా వచ్చిందంటే, రత్నాకర్ ఫోనునుంచే వచ్చింది. ఎవరికి చెప్పాలో తెలియక అతనితో, లింబాద్రితో ఒకే రూములో ఉండే నర్సింగ్ ఆ ఫోను తీసుకుని, మూత బిగించే ముందు పెట్టెను ఫోటో తీసి ఇంటికి పంపాడు. తెల్లబట్ట పరిచిన చెక్కపెట్టె, పక్కన రత్నాకర్ పేరు, ఏదో నంబరు. ఆ ఫోటో ఊరంతా తిరిగింది. అప్పటినుంచీ ఆ ఊరివాళ్ళకు పెట్టె ఎలా ఉంటుందో తెలుసు, కబురు ఎలా వస్తుందో తెలుసు.

ఇక్కడ లింబాద్రి మూతకు ఇసుక కాగితం రుద్దుతున్నాడు. మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. లోపల వసుంధర అన్నం వార్చింది. రావుగారి ఫోను మోగింది. క్యాంపులోనుంచి నర్సింగ్. అతనిది రాత్రి డ్యూటీ, లింబాద్రిది పగటి డ్యూటీ. రెండు రోజులుగా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రావుగారి నంబరు క్యాంపు ఆఫీసులో బతిమాలి తీసుకున్నాడట.

"సార్, లింబాద్రి బాడీ ఏ దవాఖానల ఉన్నది సార్?"

రావుగారు ఫోను చెవికి పెట్టుకుని లింబాద్రి వైపు చూశాడు. లింబాద్రి మూత మీద పొడి ఊది, మళ్ళీ రుద్దుతున్నాడు. అవతల నర్సింగ్ చెప్పుకుపోతున్నాడు. ఇంటికి ఫోటో వచ్చిందట. పేరు కూడా ఉందట. లింబాద్రి ఫోను అప్పటినుంచి బంద్ ఉన్నదట. ఇంటి దగ్గర అందరూ జమ అయ్యారట. రావుగారు తెల్లబోయి ఫోనును లింబాద్రి చేతికిచ్చాడు.

"నువ్వే మాట్లాడవయ్యా."

లింబాద్రి చేతికున్న పొడి దులుపుకుని తీసుకున్నాడు. "ఏందిర నర్సింగు?"

అవతల నర్సింగ్ చాలా మెల్లగా అడిగాడు.

"నువ్వెవర్ర?"

ఆ తరువాత నర్సింగ్ ఏం చెప్పాడో లింబాద్రికి సగమే అర్థమైంది. అతని కళ్ళు పెట్టె మీద ఉన్నాయి. తెల్ల దుప్పటి. సగం తెరిచిన మూత. పక్కన తన పేరు. ఎప్పుడు రాశానని వెతుక్కున్నాడు, జ్ఞాపకం రాలేదు. సోఫా చేతి మీద కూర్చున్నాడు.

రావుగారి ఫోనులోంచే విజయరాణి నంబరుకు చేశాడు. ఎత్తింది పక్కింటామె. వెనకనుంచి ఏడుపులు, ఒకటి కాదు, చాలా గొంతులు. ఒక్కొక్క గొంతునూ అతను గుర్తుపట్టగలిగాడు. పొలం గట్టు తగాదాతో ఆరేళ్ళుగా తనతో మాట్లాడని పెదనాన్న కొడుకు గొంతు కూడా ఉంది. నేను లింబాద్రినే అన్నాడు. పక్కింటామె కెవ్వుమని ఫోను పారేసింది. అది ఎక్కడ పడిందో, ఏడుపులు ఒక్క క్షణం ఆగిపోయాయి. ఆ వెంటనే లైను తెగిపోయింది. బతికుండగానే తన మీద ఏడ్చిన ఏడుపు విన్నవాడికి ఎలా ఉంటుందో లింబాద్రి తరువాత ఎవరికీ చెప్పలేకపోయాడు. చెవులు గింగురుమన్నాయని మాత్రం అనేవాడు.

వసుంధర వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నది. భర్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నది, ఆ చిన్న హాలులో ఎంత తగ్గించినా వినబడుతుంది. "ఇక దీని మీద అన్నం ఎలా పెట్టుకుంటామండీ?"

లింబాద్రి తల ఎత్తలేదు. దీన్ని కూడా విప్పాలన్నమాట అనుకున్నాడు. కానీ అది తరువాతి సంగతి. ముందు ఇల్లు.

అతని భయం ఒకటే. ఆ ఊళ్ళో మొగుడు పోయిన కబురు వస్తే ఆడవాళ్ళు చేరి గాజులు పగలగొడతారు, బొట్టు తుడుస్తారు. ఒకసారి పగిలాక మొగుడు బతికున్నాడని తెలిసినా ఆ అశుభం ఆమెను జీవితాంతం వదలదు. పేరంటానికి పిలిచేవాళ్ళు వెనకాడతారు. తన పేరుతో, తన చేతి రాతతో, తన ఫోనునుంచి పోయిన ఫోటో ఆమె గాజుల మీదికి వచ్చింది. అతను రావుగారిని ప్లగ్గు అడిగాడు. మొహమాటం ఎటు పోయిందో పోయింది. ఫోనుకు ప్రాణం రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఫోను వెలగగానే ఆగిపోయిన మాట దానంతటది పోయింది. తరువాత మిస్డ్ కాల్స్ వరస పెట్టి వచ్చాయి. లింబాద్రి వాటిని చూడకుండా ఇమో యాప్‌లో వీడియో కాల్ కలిపాడు.

మొదట ఎవరిదో గడ్డం కనబడింది, తరువాత ఇంటి కప్పు, తరువాత వాకిలి. వాకిట్లో మనుషులు. మధ్యలో పీట మీద విజయరాణి కూర్చుని ఉంది. పక్కన ఒక గుండ్రాయి. విజయరాణి చేతులు కనబడలేదు. ఎందుకంటే ఆమె రెండు మణికట్లనూ లింబాద్రి తల్లి రాములవ్వ తన రెండు చేతులతో మూసి పట్టుకుని ఉంది. ముసలి వేళ్ళ సందునుంచి ఒకటి రెండు పచ్చగాజులు కనబడుతున్నాయి. లింబాద్రికి అప్పుడు ఊపిరి ఆడింది.

"అవ్వా," అన్నాడు.

వాకిలంతా గడ్డకట్టింది. రాములవ్వ ఒక్కతే తెర వైపు వంగి చూసింది. కోడలి చేతులు వదలలేదు.

"కాళ్ళు చూపియ్యి," అంది.

లింబాద్రి ఫోను కిందికి దించి పాదాలు చూపించాడు. దయ్యానికి పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి. ఇతనివి ముందుకే ఉన్నాయి, కాకపోతే రంపం పొట్టు అంటుకుని తెల్లగా ఉన్నాయి. ఆ తెలుపు చూసి ఎవరో మళ్ళీ సణిగారు. అతను వంగి పొట్టు దులిపాడు. రాములవ్వకు అది చాలలేదు.

"అన్నం తిని చూపియ్యి. నా కండ్ల ముంగట."

లింబాద్రి వసుంధర వైపు చూశాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళింది. కంచంలో అన్నం, పప్పు, పక్కన ఆవకాయ వేసి తెచ్చింది. ఒక్క క్షణం ఎక్కడ పెట్టాలా అని ఆగింది. తరువాత బల్ల మూతను తానే రెండు చేతులతో దించి సరిచేసి, కంచాన్ని దాని నడుమ పెట్టి, కుర్చీ లాగింది.

"కూర్చోండి లింబాద్రిగారూ."

రావుగారు ఫోను పట్టుకున్నాడు. లింబాద్రి తిన్నాడు. మూడు వేల కిలోమీటర్ల అవతల ఊరంతా అతను నమలడం చూసింది. నాలుగో ముద్దకు రాములవ్వ వేళ్ళు వదులయ్యాయి. పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరో అన్నారు. ఆరేళ్ళు మాట్లాడని పెదనాన్న కొడుకు ముఖం తుడుచుకుని, ఏం కూరనే అని అడిగాడు. తరువాత అదే పెద్ద కబురై, పెట్టెలోంచి లేచి అన్నం అడిగాడన్న కథ అక్కడే పుట్టింది.

విజయరాణి ఫోను తన చేతికి తీసుకుని వాకిలి దాటి వెనక పెరట్లోకి పోయింది.

"ఫోటో పెద్దగ చేసి చూసిన," అంది. "ఆ రాత నీదే. సచ్చినోడు పెట్టె మీద తన పేరు తానే ఎట్ల రాసుకుంటడని అందరికి చెప్పిన. ఎవ్వలు ఇనలే. అత్త ఒక్కతే ఇన్నది."

లింబాద్రి రావుగారి చేతిలోంచి ఫోను తీసుకుని బల్ల వైపు తిప్పాడు.

"ఇంతకు గదేంది?"

"బల్ల. లోపట ఆట ఆడుకుంటరు. మీద తింటరు."

ఆమె చాలాసేపు చూసింది. అతని చేతి కింద ఉన్న మూతను, మూత మూలల్ని.

"మంచిగున్నది," అంది. "పేరెందుకు రాసినవ్?"

"చెయ్యికి అలవాటైంది."

"రేపటి సంది ఫోన్ చేసి చెప్పినంకనే ఫోటో పెట్టు," అని పెట్టేసింది. పెట్టేశాక ఆమె ఎంతసేపు ఏడ్చిందో రాములవ్వకు మాత్రమే తెలుసు.

ఆ సాయంత్రం లింబాద్రి ఇసుక కాగితం తీసుకుని పేరు చెరపబోయాడు. వసుంధర వద్దంది. రావుగారు ఆ పక్కను గోడవైపు తిప్పి బల్లను సుద్దగీత దగ్గర నిలబెట్టాడు. ఆకుపచ్చ బట్ట పరిచారు. రాత్రికి పై వాటావాళ్ళు వచ్చి ఆట మొదలుపెట్టారు. భోజనాల వేళకు పావులు ఎక్కడివక్కడే ఉంచి మూత వేశారు. ఆ ఇంట్లో దాన్ని విప్పుదామన్న మాట ఎవరూ అనలేదు.

కథ చెప్పేవాళ్ళలో ఎవరూ ఆ పెట్టెను కొలిచి చూడలేదు. ఫ్రిజ్ తలుపు తెరుచుకోవాలి కాబట్టి దాని పొడవు నాలుగున్నర అడుగులు. లింబాద్రి అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి.